తొమ్మిది వందల ఇరవై కిలోల లోపు

ఫిబ్రవరి 2, సోమవారం

పిన్నీ,

నిన్న ఆదివారం ఉదయం పదింటికి మొదలుపెట్టి, చీకటి పడేలోపు నీ కారులోంచి నూట ఆరు కిలోలు తీసేశాను. ముందే చెబితే వద్దంటావని చెప్పలేదు. ఇప్పుడు చెప్పేశాను కాబట్టి ఇక తీరిగ్గా తిట్టు.

వెనక సీటు పోయింది. స్పేర్ టైరు, జాకీ, స్పీకర్లు, ఏసీ, కార్పెట్టు, దాని కింద నేలకు అంటించిన తారు షీట్లు, అన్నీ పోయాయి. ముందు సీట్లు రెండూ తీసి పల్చటి రేసు సీట్లు వేశాను, వాటితోనే ఇరవై రెండు కిలోలు తగ్గింది. తారు షీట్లు మాత్రం నన్ను ఏడిపించాయి. చివరికి డ్రై ఐస్ ముక్కలు పోసి, అవి బిగుసుకున్నాక సుత్తితో తడితే పెంకుల్లా లేచాయి. మా ఆవిడ వరండాలో నిలబడి చూసి, "ఊరికే వచ్చిన కారుని ఇంత శ్రద్ధగా కూల్చేవాణ్ణి నిన్నే చూస్తున్నా" అంది.

ఎందుకో నీకు తెలుసు. ఏప్రిల్ చివర్లో కార్ల కొండ పరుగు పోటీ. రోడ్డు కార్ల తరగతిలో బండి తొమ్మిది వందల ఇరవై కిలోలు దాటకూడదు. శనివారం ఇద్దరు మనుషులతో మామూలు రోడ్ల మీద రోజంతా నడిపి కొండ కిందికి చేరాలి. లారీ మీద ఎక్కించి తెస్తే ఒప్పుకోరు. ఆదివారం పొద్దున అదే కారుతో, అవే టైర్లతో, ఒక్కొక్కరే కొండెక్కాలి. నీ కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు తొమ్మిది వందల తొంభై. ఇప్పుడు ఎనిమిది వందల ఎనభై నాలుగు.

ఒక్క మాట చెప్పాలి. కార్పెట్టు కింద ఫెల్టు తీస్తుంటే చూశాను. ఒక్కో చోట ఒక్కో మందం. గేరు పక్కన వేలంత, కాళ్ల కింద అందులో సగం, తలుపు అంచున ఇంకా పల్చన. ఎక్కడా అరచేయంత ముక్క వృథా లేదు. ఫ్యాక్టరీలో నువ్వు చేసిన పనే అది. చిరగకుండా తీసి, చుట్టి, అటక మీద పెట్టాను.

కాగితాలు నా పేరు మీదికి ఎప్పుడు మారుస్తావు?

నీ చిన్నోడు


ఫిబ్రవరి 9

ఒరేయ్ చిన్నోడా,

తిట్టను. తిడితే నీకు ఊరట.

కారు నీకు ఎందుకిచ్చాను? నా మోకాలు క్లచ్ తొక్కనివ్వడం లేదు కాబట్టి. కాగితాలు ఎందుకివ్వలేదు? నువ్వు ఇలాంటి పని చేస్తావని తెలుసు కాబట్టి. షరతు ఆరోజే చెప్పాను, మళ్లీ చెబుతున్నా. అది రోజూ ఎక్కే కారుగా ఉండాలి. దాన్లో డ్యూటీకి వెళ్లి, రోజంతా చాకిరీ చేసి, సాయంత్రం మళ్లీ దాన్లోనే కూర్చోవాలనిపించాలి. ఈ పూటకి బస్సులో పోదాంలే అనిపించిందా, ఇక అది కారు కాదు, ఆటబొమ్మ. మీ అన్న, పెద్దోడు, అడుగుతూనే ఉన్నాడు. వాడైతే నడపడట. నువ్వు విప్పినవన్నీ మళ్లీ బిగించి, గ్యారేజీలో పెట్టి, గుడ్డ కప్పుతాడట. గుడ్డకి కొలతలు కూడా తీసుకుని వెళ్లాడు.

ఎలా ఉందిరా అంటే నువ్వు బ్రహ్మాండం అంటావు. ఫోన్లో నీ గొంతు నేను నమ్మను, చిన్నప్పటి నుంచి అది నన్ను బుట్టలో వేస్తూనే ఉంది. అందుకని ఉత్తరాలు రాయి. ఫ్యాక్టరీలో కార్ల మోత, అదురు తగ్గించడమే నా ఉద్యోగంగా ఉండేదని నీకు తెలుసు. మా విభాగంలో ఒక పద్ధతి ఉండేది. డ్రైవరు దూరం వెళ్లి వచ్చి, కారు దిగగానే, మంచినీళ్లు తాగకముందే ఒక పేజీ చేత్తో రాయాలి. ఏం రాసినా సరే. మేం విషయం చదివేవాళ్లం కాదు, గీత చూసేవాళ్లం. కారు మనిషిని ఎంత కుదిపిందో అక్షరాల కాళ్లలో తెలుస్తుంది. కొలిచే యంత్రాలు వచ్చాక కూడా నేను ఆ పేజీలు మానలేదు. యంత్రం రేకు ఎంత అదిరిందో చెబుతుంది. మనిషి ఎంత అలిసిపోయాడో చెప్పదు.

కాబట్టి దిగగానే రాయి. ఒట్టు వెయ్యి.

పిన్ని


ఫిబ్రవరి 16

పిన్నీ,

ఒట్టు. ఇప్పుడే డ్యూటీలో దిగాను. తాళం చెవులు ఇంకా ఎడమచేతిలోనే ఉన్నాయి. ఇంటి నుంచి ఆస్పత్రికి గంటంపావు. అందులో సగం పెద్ద రోడ్డు, సగం గతుకులు.

మా లాండ్రీ నువ్వు చూళ్లేదు కదా. ఆస్పత్రి వెనక పొడుగాటి రేకుల షెడ్డు. దుప్పట్లు, గౌన్లు, గలేబులు ఒకవైపు నుంచి వస్తాయి, ఇంకోవైపు మడతలై పోతాయి. మధ్యలో మిషన్లు. అవి ఆగకుండా చూడటం నా పని. కూర్చుని రాయడానికి మడతల బల్ల ఒక్కటే దొరికింది. దాని వెనకే నీళ్లు పిండే పెద్ద డ్రమ్ము తిరుగుతూ ఉంటుంది. ఆ మోతలో ఎవరూ నన్ను పలకరించరు, అదొక సుఖం.

కారు గురించి. పిన్నీ, అది నువ్విచ్చిన కారు కాదు. రెండో గేరులో కాలు ఆనిస్తే చాలు, ముందుకు దూకుతోంది. మలుపులో ఇదివరకు ఒక్క క్షణం ఆలోచించి తిరిగేది, ఇప్పుడు నాకంటే ముందే తిరుగుతోంది. బ్రేకు వేసిన చోట ఆగుతోంది. మోత ఉంది, కాదనను. టైరు కింద రాయి పడితే అది ఏ రంగో చెప్పగలను.

బస్సు ఎక్కాలని ఒక్కరోజు కూడా అనిపించలేదు. రాసుకో.

చిన్నోడు


ఫిబ్రవరి 21

చిన్నోడా,

కారు దూకుతోందని రాశావు, సంతోషం. కానీ నీ పేజీని కిటికీ దగ్గర పెట్టి భూతద్దంతో చూశాను. గుడి దీర్ఘాలన్నీ రంపపు పళ్లు. సున్నాలు మూసుకోవడం లేదు. "బ్రేకు" అన్న మాటలో వొత్తు కింది గీతలోకి జారిపోయింది. ముప్పై ఏళ్లలో ఇంత చెడ్డ పేజీ నేను ఒక్కటే చూశాను, అది ట్రాక్టరు దిగిన మనిషిది.

నీకు అలసట తెలియడం లేదు, ఎందుకంటే మోజులో ఉన్నావు. చేతికి మోజు ఉండదు.

రెండు పనులు చెయ్యి. పాత ముందు సీట్లు రెండూ మళ్లీ వెయ్యి. ఆ ఫోమ్ ఒంటికి మెత్తగా ఉండటానికి కాదు. వెన్నుకి చేరే అదురుని దారిలోనే తినేయడానికి. దాని కోసం నేను మూడు కార్ఖానాలు తిరిగాను. రెండోది, ఇంజినుకీ నీ కాళ్లకీ మధ్య ఉండే రేకు మీది ఫెల్టు. ఐదు కిలోలు. అటక మీద నుంచి దించు.

మొత్తం ఇరవై ఏడు. ఏడవకు. ఇంకా పరిమితి లోపే ఉంటావు.

పిన్ని


మార్చి 3

అత్తయ్యగారూ, నమస్కారం. కారు దిగి ఇంకా చెప్పులైనా విప్పలేదు, ఈయన కాగితం చేతిలో పెట్టారు. ముందు నన్ను రాయమన్నారు, తను డ్యూటీకి వెళ్లి మిగతాది రాస్తారట. పొద్దున మా పిన్నమ్మగారి ఊరు వెళ్లి వచ్చాం, మొత్తం మూడు గంటలు. పాత సీట్లు వచ్చాక నా నడుము నాకు దొరికింది. ఆ రేసు సీట్లలో కూర్చుంటే బిందెలో కాలు ఇరుక్కున్నట్టుండేది, దిగాలంటే ఒకరు చేయి పట్టి లాగాలి. ఇక ఏసీ గురించి మీరిద్దరూ మాట తప్పిస్తున్నారు కాబట్టి నేనే అడుగుతున్నా. వేసవి వస్తోంది. నేను ఆవిరైపోతే తగ్గే బరువు కూడా ఈయన లెక్కేసుకుంటారేమో కనుక్కోండి.

పిన్నీ, నేను. లాండ్రీలో మామూలు చోటే. ఆవిడ చెప్పింది నిజం, సీట్లు మంచి పని. నాకూ తేడా తెలిసింది, వీపు మధ్యలో ఒక నొప్పి ఉండేదని అది పోయాకే తెలిసింది. ఇప్పుడు తొమ్మిది వందల పదకొండు. బాధగానే ఉంది. ఇరవై ఏడు కిలోలంటే కారు మళ్లీ ఒక క్షణం ఆలోచించి తిరుగుతోంది. కానీ ఈసారి గీత బాగుండాలి. జాగ్రత్తగా రాస్తున్నా.

చిన్నోడు


మార్చి 9

చిన్నోడా,

జాగ్రత్తగా రాయకూడదు! అలా రాస్తే పరీక్ష ఎందుకు? పైగా జాగ్రత్తగా రాసి కూడా మొదటిదానికంటే ఏమంత బాగోలేదు.

కానీ ఈసారి నాకు గట్టి ఆధారం దొరికింది. అమ్మాయి రాసిన పది వరుసలు దారం లాగినట్టున్నాయి. దాని కిందే నీ గీత, జెర్రి పాకినట్టు. ఒకే కారు, ఒకే దారి, ఒకే రకం సీటు. ఇద్దరికీ తేడా ఎక్కడుంది? నీ చేతుల్లో స్టీరింగు ఉంది, ఆ పిల్ల చేతుల్లో లేదు. కాబట్టి అదురు సీటులోంచి రావడం లేదు, స్టీరింగులోంచి వస్తోంది. ఈ మాట అనుకున్నాక నాకు కాఫీ కూడా రుచిగా అనిపించింది.

స్టీరింగు కడ్డీకి మూడు కిలోల ఇనుప దిమ్మ ఒకటి ఉండేది. నువ్వు రాయలేదు గానీ దాన్నీ పీకేసి ఉంటావు. పనికిరాని ఇనుము అనుకుని ఉంటావు. ముందు చక్రాల అదురు నీ చేతికి రాకుండా అది ఆపుతుంది. మళ్లీ బిగించు.

అమ్మాయికి చెప్పు, ఏసీ గురించి నేను మాట తప్పించడం లేదు. అది నా విభాగం కాదు, అంతే.

పిన్ని


మార్చి 19

పిన్నీ,

దిమ్మ బిగించాను. తొమ్మిది వందల పద్నాలుగు. దాన్ని కూడా తీశానని నువ్వెలా పట్టావో ఇంకా అర్థం కాలేదు.

డ్యూటీ ఎక్కువగా ఉంది. పిండే డ్రమ్ము రోజుకి రెండుసార్లు ఆగి మారాం చేస్తోంది. ఇంతే రాస్తున్నా.

చిన్నోడు


మార్చి 24

చిన్నోడా,

నాలుగు వరుసలే రాశావు, నాలుగూ వంకరే. దిమ్మ వేసినా మారలేదు.

ఇక మిగిలింది నేల. తారు షీట్లు, మిగతా ఫెల్టు, కార్పెట్టు. నేల రేకు వట్టిగా ఉంటే డప్పు, నీ పాదాలు దాని మీదే ఉంటాయి. మొత్తం పద్దెనిమిది కిలోలు. వెయ్యి. పరిమితి దాటుతుందని నాకు తెలుసు. ఈ ఏడు కొండ లేకపోతే వచ్చే ఏడు ఉంటుంది.

పెద్దోడు నిన్న వచ్చాడు. గుడ్డ కుట్టించేశాడట, బూడిద రంగు, లోపల మెత్తటి అస్తరు. "పిన్నీ, తమ్ముడు కారుని పీక్కు తింటున్నాడు, చూస్తూ ఊరుకుంటావా" అన్నాడు. ఏప్రిల్ మొదటి వారంలోగా నేల వేసి ఒక పేజీ పంపు. గీత కుదిరితే కాగితాలు నీవి. కుదరకపోతే వాడు వచ్చి తీసుకెళ్తాడు. కారుని గుడ్డ కింద చూడటం నాకూ ఇష్టం లేదురా. కానీ దానిలో నీ చేతులు ఇలా కావడం అంతకంటే ఇష్టం లేదు.

పిన్ని


మార్చి 31

పిన్నీ,

ఈ ఉత్తరం కోపంతో రాస్తున్నా. ముందే చెబుతున్నా, గీత చూడకు, విషయం చదువు.

నాకు అర్థమైంది. నీకు కావలసింది నా చేతులు కాదు, నీ ఫెల్టు. నువ్వు ముప్పై ఏళ్లు కష్టపడి కారులో ఎక్కించినవి నేను ఒక్క ఆదివారం దించేశాను, అది నీకు మింగుడు పడలేదు. ఒక్కొక్కటే మళ్లీ ఎక్కిస్తున్నావు. సీట్లు అన్నావు, వేశాను. ఫెల్టు అన్నావు, వేశాను. దిమ్మ అన్నావు, వేశాను. ఇప్పుడు నేల. నేల వేస్తే తొమ్మిది వందల ముప్పై రెండు, కొండ లేదు. వేయకపోతే కారు లేదు. ఇంత చక్కగా ఇరికించాలంటే మాటలు కాదు. రేపు వెనక సీటు కూడా కావాలంటావు. దానికంటే పెద్దోడికే ఇచ్చెయ్యి, వాడి గుడ్డ కింద నీ కారు నువ్వు చేసినట్టే ఉంటుంది. ఎవరూ ఎక్కరు, ఎవరూ అదరరు, గీతలన్నీ

కరెంటు పోయింది. జనరేటరు వార్డులకే, మాకు ఉండదు. మిషన్లన్నీ ఒక్కటొక్కటిగా ఆగాయి, డ్రమ్ము అన్నిటికంటే చివర. దుప్పట్లు మడతపెట్టే వాళ్లిద్దరూ బయటికెళ్లి గోడ మీద కూర్చున్నారు. ఈ షెడ్డులో ఇంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. తలుపు దగ్గర పిచ్చుక ఉన్నట్టుంది.

పైన రాసింది కొట్టేద్దామనుకున్నా. కొట్టేయను, కోపం వచ్చింది నిజమే కదా. కానీ ఇంకోటి కూడా నిజం. అటక మీద నుంచి ఆ ఫెల్టు దించినప్పుడు కొత్తగా ఏ ముక్కా కత్తిరించాల్సిన పని పడలేదు. రేకు మీద పెట్టగానే దాని చోట అది కూర్చుంది. బోల్టు తలకాయలకి సరిగ్గా గుంటలు. ఎవరూ ఎప్పుడూ చూడని చోట అంత శుభ్రంగా పనిచేసిన మనిషి మీద నాకు ఎక్కువసేపు కోపం నిలవదు.

చెప్పు, ఏం చేయమంటావో.

చిన్నోడు


ఏప్రిల్ 5

ఒరేయ్ నాయనా,

కూర్చుని చదువు. నిలబడి చదివితే నవ్వి పడతావు.

గీత చూడకు అన్నావు కాబట్టి మొదట గీతే చూశాను. పై సగం ఎప్పటిలాగే రంపం. కోపంతో చెయ్యి వణికిందనుకున్నా. "కరెంటు పోయింది" అన్న వాక్యం దగ్గర నుంచి పేజీ చివరిదాకా, ఒక్క వంకర లేదు. అమ్మాయి గీత కంటే బాగుంది. సరే, కోపం చల్లారింది కాబోలు అనుకున్నా. తర్వాత ఆ వాక్యం చదివాను. ఆ తర్వాత నీ పాత ఉత్తరాలన్నీ తీసి మళ్లీ చదివాను, ఈసారి విషయం కోసం. ఫిబ్రవరిలోనే రాశావు కదరా, మడతల బల్ల, దాని వెనకే డ్రమ్ము అని! అమ్మాయి ఇంట్లో రాసింది, నువ్వు ఆ బల్ల మీద రాశావు. నేను స్టీరింగు దాకా వెళ్లిపోయాను.

రెండు నెలలుగా నేను వైద్యం చేస్తున్నది కారుకి కాదు, ఆస్పత్రి దుప్పట్లు పిండే మిషన్‌కి. మా విభాగంలో రాయడానికి సిమెంటు దిమ్మ మీద బిగించిన బల్ల ఒకటి ఉండేది. బల్ల కదలకూడదని అంత బాగా తెలిసిన మనిషిని, నీకు ఆ మాట చెప్పడమే మరిచాను. మా వాళ్లకి తెలిస్తే ఈ పాటికి పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు.

ఇప్పుడు వరసగా. నేల వేయకు. ఆ దిమ్మ తీసెయ్, అది నా తెలివితక్కువ మూడు కిలోలు. సీట్ల మాట మాత్రం వెనక్కి తీసుకోను, దానికి సాక్షి నీ గీత కాదు, అమ్మాయి నడుము. ఫెల్టు ఉంచాలో తీయాలో నువ్వే చూసుకో. ఇంకోటి. పాత సీసం బ్యాటరీ పదహారు కిలోలు. నాలుగు కిలోలవి ఇప్పుడు దొరుకుతున్నాయట. మనిషి ఒళ్లు తగలని చోట నుంచి బరువు తియ్యి, ఎంత తీసినా నేను నోరెత్తను. ఆ డ్రమ్ము కాళ్ల బోల్టులు బిగించు, ఇది ఉచిత సలహా. రోజుకి రెండుసార్లు ఆగేది అందుకే అయ్యుంటుంది.

ఒకసారి కొండ కిందిదాకా వెళ్లి రా. అక్కడ రాతి అరుగు ఏదైనా చూసుకుని రాయి. ఆ పేజీ మీద నేను తీర్పు ఇవ్వను, నాకు ఇక ఆ మొహం లేదు. శనివారం నీ పక్క సీటులో నేనే కూర్చుంటా. దిగాక కాగితాల సంగతి చెబుతా. పెద్దోణ్ణి అప్పటిదాకా ఆగమన్నాను.

పిన్ని


ఏప్రిల్ 13

పిన్నీ,

కొండ కింద, మలుపు మొదట్లో పిట్టగోడ మీద కూర్చుని రాస్తున్నా. రాయి. తట్టి చూశాను, కదలదు. మా ఆవిడ పక్కనే కాళ్లు ఊపుతూ కూర్చుంది, తన ఊపు పేజీకి తగలకుండా కొంచెం జరగమన్నాను.

ముందు డ్రమ్ము. నాలుగు బోల్టుల్లో రెండు చేత్తో తిరిగాయి. బిగించాక అది ఒక్కసారి కూడా ఆగలేదు. మడత పెట్టే వాళ్లు, "బల్ల మీద టీ పెట్టుకుంటున్నాం సారూ" అని చెప్పి పోయారు. నువ్వు ఎప్పుడూ చూడని మిషన్‌ని అంత దూరం నుంచి, అదీ పొరపాటున, బాగుచేశావు. ఇది నేను ఎవరికి చెప్పినా నమ్మరు.

ఇప్పుడు కారు. బ్యాటరీ మార్చాను, దిమ్మ తీశాను. ఎనిమిది వందల తొంభై తొమ్మిదికి వచ్చింది. ఇరవై ఒక్క కిలో మిగిలింది. నేను పదిహేను రోజుల క్రితం అయితే దాన్ని అలాగే ఉంచేవాణ్ణి. శనివారం నువ్వు ఎండలో రోజంతా కూర్చోవాలి కదా. ఏసీ మళ్లీ వేశాను, అది ఇరవై. వేబ్రిడ్జి మీద తూకం వేసిన మనిషి కళ్లజోడు తుడుచుకుని రెండోసారి చూశాడు. తొమ్మిది వందల పందొమ్మిది. చీటీ ఇచ్చాడు, నిర్వాహకులు ఒప్పుకున్నారు. "మీ అత్తయ్యగారి కోసం వేశావు, నేను రెండు నెలలు అడిగితే వేయలేదు" అని మా ఆవిడ దారంతా సాధిస్తూనే ఉంది, చల్లగా కూర్చుని.

ఫెల్టు ఉంచాను. ఎందుకో చెబుతా. దారిలో పెద్ద వంతెన దాటాక ఒక సన్నటి గుయ్‌మనే రొద వినిపించింది. కుడికి తిప్పితే పెరిగింది, ఎడమకి తిప్పితే పోయింది. ఇద్దరం మాటలు ఆపి విన్నాం. ఎడమ వెనక చక్రం బేరింగు. ఇంజిను మోత కాళ్ల దగ్గరే ఆగిపోతోంది కాబట్టి దూరంగా వెనక ఏదో గొణగడం వినపడింది. ఫిబ్రవరిలో వట్టి రేకుతో తిరిగినప్పుడు టైరు కింద రాయి ఏ రంగో చెబుతానని నీకు గొప్పలు రాశాను. ఆ మోతలో బేరింగు అరిచి చచ్చినా వినపడేది కాదు. కొండ మీద మూడో మలుపులో చక్రం పట్టేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం లేదు. కింద ఊళ్లోనే మెకానిక్ షెడ్డు ఉంది. కొత్తది వేసేదాకా రెండు గంటలు ఆగాం.

నువ్వు మోతని ఎందుకు తీసేసేదానివో నాకు ఇప్పుడు తెలిసింది. నేను అది సుఖం కోసం అనుకున్నాను. కారు చెప్పేది వినపడటం కోసం.

అలాగని నూట ఆరు తీయడం తప్పనుకోను. కొండ మొదటి మలుపు మామూలు వేగంతోనే ఎక్కి దిగాను. ముందు భాగం ఎంత తేలిగ్గా తిరిగిందంటే, మా ఆవిడ సాధించడం ఆపేసి "మళ్లీ ఒకసారి తిప్పు" అంది.

సాయంత్రమైంది. ఇంటికి దగ్గర దారి పెద్ద రోడ్డు. తను ఏటి గట్టు వెంట పోదాం అంటోంది, అది గంటన్నర ఎక్కువ. అటే పోతున్నాం.

చిన్నోడు


ఏప్రిల్ 17

చిన్నోడా,

ఈసారి భూతద్దం తీయలేదు. విషయమే చదివాను.

మేం ఆ కారు తయారు చేసినప్పుడు ఫ్యాక్టరీలో రెండు విభాగాలు ఉండేవి. గోడకి ఇటు మేం, అటు బరువు తగ్గించేవాళ్లు. మేం ఒక ఫెల్టు ముక్క వేస్తే వాళ్లు త్రాసు పట్టుకుని వచ్చేవాళ్లు. వాళ్లు ఒక రేకు పల్చన చేస్తే నేను చెవులు మూసుకుని అధికారి గదిలోకి వెళ్లేదాన్ని. ఒకే క్యాంటీనులో వేరు వేరు బల్లల దగ్గర తినేవాళ్లం. కారు పూర్తయ్యేదాకా ఒకరితో ఒకరం సరిగ్గా మాట్లాడుకోలేదు. చివరికి తొమ్మిది వందల తొంభై దగ్గర పై వాళ్లు గీత గీశారు. ఇద్దరికీ నచ్చలేదు. వెనక సీటు పద్దెనిమిది కిలోలు నేను పట్టుబట్టి ఉంచాను. నా దగ్గర ఉన్నన్నాళ్లూ దాని మీద నా చేతిసంచీ తప్ప ఎవరూ కూర్చోలేదు. నువ్వు తీసేశాక ఆ మాట గుర్తొచ్చింది.

నువ్వు గోడకి రెండు వైపులా ఒక్కడివే పనిచేశావు. డెబ్బై ఒక్క కిలో తగ్గించావు. ఏసీ ఉంది, సీట్లు ఉన్నాయి, బేరింగు గొణిగితే వినపడుతోంది. మా రెండు విభాగాలూ కలిసి చేయలేకపోయిన పని. ఇది పొగడ్త కాదు, వేబ్రిడ్జి చీటీలో ఉన్న అంకె.

శనివారం ప్రయాణం చేశాక కాగితాల సంగతి చెబుతానన్నాను. ఆ మాట మార్చుకుంటున్నాను. రోజంతా కారులో తిరిగి, దారిలో రెండు గంటలు మెకానిక్ షెడ్డు ముందు నిలబడి, ఇంటికి పోవడానికి గంటన్నర దూరపు దారి పట్టారు మీరిద్దరూ. అలిసిపోయిన మనుషులు దగ్గర దారి చూసుకుంటారు. నా షరతు అంతకంటే ఏమీ లేదు.

పెద్దోడికి ఫోన్ చేసి చెప్పాను. "ఆ గుడ్డ నా స్కూటరుకి పొడుగవుతుందేమో పిన్నీ" అన్నాడు. మంచివాడే.

ఇరవై నాలుగు, శుక్రవారం ఉదయం పదకొండింటికి రవాణా ఆఫీసులో నా పేరు రాయించాను. సంతకాలకి ఇద్దరం ఉండాలి, ఆలస్యం చేయకు. శనివారం ఆరింటికి బయలుదేరే మైదానంలో కలుద్దాం, మోకాలి కోసం దిండు ఒకటి తెచ్చుకుంటా, దాని బరువు లెక్కలోకి రాదని అడిగి తెలుసుకున్నాను. అమ్మాయి మన సామాన్లతో బస్సులో వస్తుంది, వెనక సీటు లేదు కదా. ఆదివారం ఎనిమిదింటికి మొదటి కారు కదులుతుంది. కారుకీ కారుకీ మధ్య రెండేసి నిమిషాలు. నీది పద్నాలుగో నంబరు. నేను మూడో మలుపు దగ్గర నిలబడతాను.

పిన్ని